బస్టాప్ దగ్గర చలివేంద్రం: ఆదివారం పొద్దున్నే రండి

కాలనీ వాళ్లందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు మన గేటు పక్క బస్టాప్ దగ్గర, వేపచెట్టు కింద చలివేంద్రం మొదలుపెడుతున్నాం. వానలు పడేదాకా నడుపుదాం.

నిన్న మధ్యాహ్నం ఒక డెలివరీ అబ్బాయి మన వాచ్‌మన్‌ని మంచినీళ్లు అడిగాడు. బాటిలెత్తి గుక్క తిప్పుకోకుండా తాగి, హెల్మెట్ తీసి, మిగిలిన కాసిని నెత్తిన పోసుకున్నాడు. అది చూశాక ఇంకా ఆగబుద్ధి కాలేదు.

కుండలు 4 కొన్నాం. కింద తడి ఇసుక, చుట్టూ తడి గోనెసంచి ఉంటే ఐస్ అక్కర్లేదు. కావలసింది మనుషులే. రోజుకో ఇల్లు వంతు. మీకు వీలైన రోజు, ఫ్లాట్ నంబరు శనివారం రాత్రి 9 లోపు ఇక్కడే పెట్టండి. మంగళ, గురువారాలు ఇంకా ఖాళీ.

వంతు ఉన్నవాళ్లు పొద్దున్నే పాత నీళ్లు మొక్కలకు పోసి, కుండలు కడిగి, 20 లీటర్ల క్యాన్లు రెండు పోయించాలి. ఒంటిగంటకు మళ్లీ ఒకసారి చూడండి. మూతలు తప్పనిసరి, లేకపోతే దోమలు చేరతాయి. గ్లాసు కుండలో ముంచొద్దు, పొడుగు కాడ గరిటె పెడుతున్నాం. ఇంట్లో వాడని స్టీలు గ్లాసులుంటే తెండి, ప్లాస్టిక్‌వి వద్దు.

ఎవరికైనా ఎండకు నీరసం వస్తే నీడలో కూర్చోబెట్టి, లీటరు నీళ్లలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. కొలత తప్పొద్దు. మాట తడబడినా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

పిల్లల్నీ తీసుకురండి. పిట్టల కోసం రెండు మట్టి మూకుళ్లు పెడుతున్నాం, రోజూ నింపే పని వాళ్లదే.