మండపం నిండా పూలంటే

అమ్మడూ,

మండపంలో ఎటు చూసినా పూలే ఉండాలి, ఒక్క ప్లాస్టిక్ పువ్వు కూడా కనిపించకూడదు అని నువ్వు రాసింది చదివాను. నేను నీ పక్షమే. పెళ్లి పూల దగ్గర పిసినారితనం నాకూ నచ్చదు. అయితే నిండుతనం ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం కాస్త ఆలోచించు.

నువ్వు పంపిన ఫొటోల్లో ప్రతి స్తంభానికీ కొన్ని, ప్రతి కుర్చీల వరుసకూ కొన్ని, పైకప్పు నుంచి కొన్ని వేలాడుతున్నాయి. అలా పంచుకుంటూ పోతే ఎన్ని గంపలు తెప్పించినా పలచగానే ఉంటుంది. వచ్చినవాళ్ల చూపు నిలిచేది ముఖ్యంగా రెండు చోట్ల: లోపలికి వచ్చే ద్వారం దగ్గర, మీరిద్దరూ కూర్చునే వేదిక మీద. ఆ రెండు చోట్లా వెనక గుడ్డ కనిపించనంత దట్టంగా పెట్టించు. మిగతా హాలుకు పచ్చటి ఆకులు చాలు. ఆకు పక్కనుంటేనే పువ్వు రంగు తేలుతుంది కూడా.

ఎక్కడి నుంచో విమానంలో దిగే ఆర్కిడ్ల మీద నీకు మోజని తెలుసు. వేదిక మీద నాలుగు కొమ్మలు పెట్టుకో, కాదనను. కానీ కుప్పలుగా కావాలంటే ఆ నెలలో దగ్గర తోటల్లో విరగబూసే పూలే దిక్కు. పూలవాళ్లకు ముందు తేదీ చెప్పి అప్పుడు ఏవి బాగా వస్తాయో అడుగు, రంగుల సంగతి ఆ తర్వాత. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. బట్టల రంగుకు సరిపోయే పువ్వే కావాలని పట్టుబట్టి, చివరికి తెల్లపూలకు రంగు పట్టించుకుంటారు. దాన్నే సహజమైన పూల అలంకరణ అని చెప్పుకుంటుంటే నాకు నవ్వొస్తుంది.

ఇక ఏ పువ్వు ఎంతసేపు నిలుస్తుందో తెలుసుకో. మల్లెలను మొగ్గగానే కోస్తారు, అవి సాయంత్రానికి విచ్చుకుంటాయి. ముందురోజు కట్టి వేలాడదీస్తే మర్నాడు ఉదయం ఫొటోల వేళకు అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. చేయి ఎక్కువగా తగిలినా అంతే. బంతి, చామంతి అలా కాదు, నీళ్లు లేకుండానే దండగా ఒక పూట హాయిగా నిలబడతాయి. గులాబీ, జెర్బెరా కాడలు నీటిలో లేకపోతే తల వాల్చేస్తాయి. అన్నిటిలోకీ పేచీకోరు, పెద్ద గుత్తులుగా పూసే హైడ్రాంజియా, ఊరికే వాడిపోతుంది. దానిలో ఒక మంచి గుణమూ ఉంది: వాడిన గుత్తిని మొత్తంగా నీటిలో ముంచి ఉంచితే చాలాసార్లు తేరుకుంటుంది, రేకులు కూడా నీరు పీల్చుకుంటాయి కాబట్టి.

కాడలున్న పూలు ముందురోజే వస్తే కొసలు పదునైన కత్తితో మళ్లీ కోయించి, నీటిలో మునిగే ఆకులు తీయించి, రాత్రంతా బకెట్లలో నిలబెట్టించు. ఆకులు నీటిలో కుళ్లితే బ్యాక్టీరియా పెరిగి కాడల్లోని సన్నని గొట్టాలు పూడుకుపోతాయి. బకెట్లు పెట్టిన గదిలో పండ్లు ఉంచనివ్వకు. పండుతున్న పండ్ల నుంచి ఇథిలీన్ వాయువు వస్తుంది, అది తగిలితే కార్నేషన్లు రేకులు ముడుచుకుంటాయి, మళ్లీ విప్పుకోవు. గులాబీలకు చల్లటి గది మంచిదే కానీ ఆర్కిడ్లు, ఆంథూరియంలు 10 డిగ్రీల లోపు చలికి దెబ్బతింటాయి.

పెద్ద రేకుల లిల్లీలు పెట్టిస్తే, మొగ్గ విచ్చగానే లోపలి పుప్పొడి తిత్తులను తుంచేయమను. ఆ నారింజరంగు పొడి బట్టల మీద రాలితే తడిచేత్తో తుడవకూడదు, మరక ఇంకిపోతుంది. టేపుతో అద్ది తీయాలి. ఇంకొకటి, తలుపులు మూసిన హాలులో లిల్లీలు, నేలసంపెంగలు రెండూ గుప్పుమంటే పెద్దవాళ్లకు తలనొప్పి వస్తుంది. రెండిట్లో ఒకటే ఎంచుకో.

ప్లాస్టిక్ వద్దన్నావు కదా, అది పూల అడుగున కూడా దాక్కుంటుంది. కాడలు గుచ్చడానికి వాడే ఆకుపచ్చ స్పాంజి ఇటుక 1954 నుంచి వాడుకలో ఉంది. అది ఫినాల్ ఫార్మాల్డిహైడ్‌తో చేసిన ప్లాస్టిక్కే. చేతిలో నలిపితే పొడిపొడి అవుతుంది, ఆ పొడి నీళ్లతో పాటు కొట్టుకుపోతుంది, మట్టిలో మాత్రం కుళ్లి కలిసిపోదు. గిన్నెలో ఇనుప వలను ఉండలా చుట్టి పెట్టినా కాడలు చక్కగా నిలబడతాయి. దండలు కూడా నైలాన్ దారం, తీగ లేకుండా నూలుతో కట్టిస్తే పెళ్లయ్యాక అన్నీ ఎరువు గుంతలో వేయవచ్చు. బంతిపూలు మిగిలితే కొన్ని నాకు ఎత్తిపెట్టు. వాటిని ఉడికించి, పటిక పట్టించిన నూలు బట్టకు పసుపు రంగు వేయవచ్చు. చాలా రోజులుగా చేసి చూడాలని ఉంది.

డెకరేషన్ చేసేవాళ్లతో మాట్లాడే ముందు ఒకసారి హాలుకు వెళ్లి ఏసీ వేయించి, వేదిక మీద నిలబడి చూడు. గాలి సూటిగా వెనక గోడకే కొడుతుంటే పూలన్నీ రెండు గంటల్లో ఎండుతాయి. అలా ఉంటే వేదికను పక్కకు జరపడం కుదురుతుందేమో వాళ్లను అడిగి నాకు చెప్పు.

నాన్న