బలమంతా బర్రెకేనా?

నర్సంపేట,
నవంబరు 23, రాత్రి

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం దసరాకు ముందే అందింది. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు క్షమించు. మన గది మేకు మీద ఒట్టు, ఇకమీదట ఇంత ఆలస్యం చేయను. అమ్మ బాగుంది, మోకాళ్ళ నొప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. పెద్దవాడు ఇంటర్‌లో చేరాడు. మిర్చికి ఈసారీ తామర పురుగు పట్టింది. మిగతావన్నీ తర్వాత. ముందు ఇది విను, ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

పోయిన బుధవారం ఐదో తరగతి పిల్లలను వరి కోతకు తీసుకెళ్ళాను. పాకాల కాలువ కింద మా తరగతి పిల్ల వాళ్ళ పొలమే. అందరూ రైతుల బిడ్డలే, వరి వాళ్ళకు కొత్త కాదు. కానీ కోత యంత్రం వచ్చాక గంటలో పొలం ఖాళీ, వడ్లు ట్రాక్టరెక్కి కొనుగోలు కేంద్రానికి పోతాయి. గింజను గోటితో ఒలిచి చూసిన పిల్లలు నలుగురు కూడా లేరు. అందుకే ఒక మూల కాస్త మేర కోయకుండా ఉంచమని ఆ రైతును బతిమాలాను.

ఆ పిల్ల నాయనమ్మ కొడవలి పట్టింది. ఎడమ చేత్తో దుబ్బును ఒడిసి పట్టుకుని కొడవలిని తన వైపు లాగుతుంటే కరకరమని ఒకటే చప్పుడు. పిల్లలు ఊపిరి బిగపట్టి చూశారు. పచ్చి వడ్లు దంచితే నలిగిపోతాయని ఆమె ముందే ఎండబెట్టిన వడ్లు రోలు దగ్గర పెట్టింది. ఆ తెలివి నాకు తట్టలేదురా. అందరూ వంతులవారీగా రోకలి పట్టారు. చాటలో చెరిగితే ఊక గాలికి లేచిపోయి మట్టిరంగు బియ్యం మిగిలాయి. మళ్ళీ దంచి జల్లెడ పడితే మెత్తటి తవుడు రాలింది. ఒకడు వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుని, ‘తియ్యగా ఉంది సార్’ అన్నాడు.

బి1 విటమిను, ఇనుము, మెగ్నీషియం ఎక్కువగా ఈ పొరలోనే ఉంటాయని, గిర్నీలో బియ్యం తెల్లబడేకొద్దీ అవి పోతాయని చెప్పాను. ఆ పిల్ల జల్లెడ కింది తవుడు వైపే చూస్తూ అడిగింది:

‘ఇది మా బర్రెకు పెడతాం కదా సార్. అంటే బలమంతా బర్రెకు పెట్టి మనం ఉత్త బియ్యం తింటున్నామా?’

నాయనమ్మ చెరగడం ఆపేసింది. ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను, ఇంత సూటి మాట నా నోట ఒక్కసారీ రాలేదు. ఇంతలో వెనక నుంచి ఒకడు, ‘బర్రె పాలిస్తుంది కదా, ఆ బలం మనకే వస్తుంది’ అన్నాడు. వాదన మొదలైంది. పాలలో కాల్షియం దండిగా వస్తుంది కానీ బి1 కొద్దిగానే ఉంటుందని తీర్పు చెప్పేసరికి మధ్యాహ్న భోజనం వేళ దాటింది.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. చేతిలో మూట. ముందురాత్రి ఆ పిల్ల గోలెం పక్కనున్న సంచిలోంచి తవుడు తెచ్చి అన్నంలో కలుపుకుందట! నా గుండె జారిపోయింది. అది పశువుల కోసం నిలవ పెట్టింది, దుమ్మూ పురుగూ ఏముంటాయో. తల్లి తిడుతుందనుకున్నాను. ఆమె మూట విప్పి నెమ్మదిగా అడిగింది: ‘మరి ఏ బియ్యం వండి పెట్టాలి సార్?’

ఆమెను కూర్చోబెట్టి పిల్లలతో పాటు కోళ్ళ కథ చెప్పాను. ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు జావాలో, కాళ్ళు చచ్చుబడే బెరిబెరి జబ్బు మీద పని చేస్తుండగా, ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి. ముడి బియ్యం వేస్తే లేచి తిరిగాయి. ఆ దారిలోనే బి1 బయటపడింది, ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. కోళ్ళు లేచి నిలబడ్డాయనగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. తల్లి కూడా కొట్టింది!

ఇంకోటి తెలుసా? మన యాసంగి వడ్లు ఎండలకు నూక అవుతాయని ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు కదా. అలా ఉడికేటప్పుడు బి విటమిన్లు కొంత గింజ లోపలికి దిగుతాయి. ఆ బియ్యం మనం తినం, కేరళకు పంపిస్తాం. ఇది తలచుకుంటే నాకు కడుపు మండుతుంది, కానీ ఆ గొడవ మొదలుపెడితే...

శుక్రవారం ఆమె గిర్నీకి వెళ్ళి, తవుడు అంతా పోకుండా వడ్లు ఒక్క పట్టే పట్టమంది. పురుగు పడుతుంది, నిలవ ఉండవని గిర్నీ ఆయన హెచ్చరించాడట. నిజమే, తవుడులో నూనె ఉంటుంది, అది త్వరగా ముక్కిపోతుంది. ‘అయితే నెలకు సరిపడా మాత్రమే పట్టు’ అని ఇరవై కిలోలు తెచ్చుకుంది. మాకూ ఒక సోలెడు పంపింది. గంటసేపు నానబెట్టి వండాం. అమ్మ రెండు ముద్దలు తిని, ‘మా చిన్నప్పటి వాసన’ అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పొద్దున. రాత్రి కరెంటు పోయి ఇక్కడ ఆగింది. వరంగల్ బస్సులో వెళ్ళే మా బడి మిత్రుడికి ఈ ఉత్తరం ఇవ్వాలి.

మేకు సంగతి చెప్పలేదు కదూ! హనుమకొండ హాస్టల్ ఖాళీ చేసిన రోజు గోడ నుంచి పీకి నా జేబులో వేశావే, అదే. శనివారం ఇనుము పాఠానికి తీసుకెళ్ళాను. కంసాలి త్రాసులో తూయిస్తే మూడున్నర గ్రాములు. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపితే దాదాపు అంతే. మేకు చేతులు మారుతూ చివరి వరుసకు వెళ్ళింది. అక్కడ ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడు దాన్ని గుప్పిట్లో పట్టుకుని, ‘మా అక్కకు రక్తం తక్కువ అన్నారు సార్. అక్కలో ఎంత మేకు ఉంటుంది?’ అన్నాడు.

అన్నం తినగానే టీ తాగనీయవద్దని, తోటకూర పప్పులో నిమ్మకాయ పిండి పెట్టమని చెప్పాను. అది చాలదురా. ఈ రోజే వాళ్ళ నాన్నతో మాట్లాడి వాడి అక్కను ఆసుపత్రికి... హారన్ వినిపిస్తోంది. మేకు ఇంకా వాడి దగ్గరే ఉంది, నేను అడగలేదు, నువ్వూ అడగకు.

నీ గది మిత్రుడు