ఐకాన్లన్నీ ఒక్కచోటి నుంచి

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది, జవాబు ఇప్పటికి కుదిరింది, ఏమీ అనుకోకు. ఇంట్లో అందరూ కులాసా. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, నీకు గోంగూర జాడీ కట్టి పెట్టింది. అంతే కబుర్లు. ఇక అసలు సంగతి. ల్యాబులో 42 లైనక్స్ మెషీన్ల డెస్క్‌టాప్ ఐకాన్లు ఇప్పుడు ఒక్క ఫోల్డర్ చెప్పినట్టు వింటున్నాయిరా! అవును, మన పదిహేడో నంబరు మెషీన్ కూడా!

నువ్వింకా సిస్టం సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్లోని స్కెల్ ఫోల్డర్‌నే నమ్ముకున్నావని రాశావు. అది మానెయ్. అందులో పెట్టినవి అకౌంటు పుట్టిన రోజున ఒక్కసారి యూజర్ సొంత ఫోల్డర్ హోమ్‌లోకి కాపీ అవుతాయి, మళ్లీ ఎప్పుడూ కావు. నిరుడు చేరిన పిల్లలకి ఈ ఏడాది ఐకాన్ రాదు, తీసేసిన సాఫ్ట్‌వేర్ ఐకాన్ పోదు. అందరి డెస్క్‌టాప్ మీదా ఒకే ఫోల్డర్‌ని మౌంట్ చేస్తే, అంటే తగిలించేస్తే, పోలా అన్నావు చూడు, అదీ వద్దు. పిల్లలు తమ ఫైళ్లు డెస్క్‌టాప్ మీదే దాచుకుంటారు. ఆ చోటు వాళ్లదే, మనం లాక్కోకూడదు.

ఇలా చెయ్. యూఎస్ఆర్, లోకల్, షేర్ కింద ఒక ఫోల్డర్ పెట్టు, ల్యాబ్ ఐకాన్స్ అనుకో. డాట్ డెస్క్‌టాప్ ఫైళ్లన్నీ, అంటే ఒక్కో ఐకాన్ పేరూ అది నడిపే ప్రోగ్రామూ రాసి ఉండేవి, అందులో, ఓనర్ రూట్ (అడ్మిన్), పర్మిషన్ 755 (మార్చేది ఓనరే, చదివేదీ నడిపేదీ అందరూ). ఈటీసీ కింద ఎక్స్‌డీజీలో ఆటోస్టార్ట్ ఉంది కదా, అక్కడ ఒక చిన్న ఎంట్రీ పెడితే ఎవరు లాగిన్ అయినా వాళ్ల పేరు మీదే మన స్క్రిప్ట్ నడుస్తుంది. ఆ ఎంట్రీలోని ఏం నడపాలో చెప్పే ఎగ్జెక్ లైన్లో హోమ్‌కి బదులు రాసే టిల్డ గుర్తు, డాలర్ హోమ్ లాంటివి పనిచేయవు, వాటిని విప్పి చదివే షెల్ అక్కడ ఉండదు కాబట్టి. అవన్నీ స్క్రిప్ట్ లోపలే ఉండాలి. స్క్రిప్ట్ చేసేదల్లా ఒక్కో ఫైలుకీ యూజర్ డెస్క్‌టాప్‌లో ఒక సింబాలిక్ లింక్, అంటే అసలు ఫైలు వైపు చూపే గుర్తు, వెయ్యడం. కాపీ కాదు, లింకే. పిల్లాడు చెరిపేసినా పోయేది లింకు, మళ్లీ లాగిన్‌కి వచ్చేస్తుంది. అదే పేరుతో వాడి సొంత ఫైలుంటే మాత్రం వదిలెయ్యాలి. ఈ పరీక్ష పెట్టకుండా లింకులు వేసే ఎల్ఎన్ కమాండ్‌కి ఎఫ్ ఆప్షన్ ఇచ్చావంటే వాడి ఫైలు పోతుంది.

ఇక్కడిదాకా తేలికే. అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఐకాన్ కనిపిస్తుంది, డబుల్ క్లిక్ చేస్తే ఇది నమ్మదగిన లాంచర్ కాదంటూ పెట్టె తెరుచుకుంటుంది! మావి డెబియన్ 12 లైనక్స్, డెస్క్‌టాప్ చూపించేది ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.18. దీంట్లో ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఒక్కటే చాలదు. ఫైలు షా-256 చెక్‌సమ్‌ని (ఫైల్లోని రాతని బట్టి వచ్చే వేలిముద్ర లాంటి అంకెని) యూజర్ ముందుగా ఒప్పుకున్నట్టు రాసి ఉండాలి. ఆ రాత ఫైల్లో ఉండదు, యూజర్ హోమ్‌లో ఫైళ్ల గురించిన వివరాలు దాచే జీవీఎఫ్‌ఎస్ మెటాడేటాలో ఉంటుంది. అందుకే రూట్‌గా, టైము ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో పెట్టి నడిపితే ఎర్రర్ వస్తుంది, ఈ యాట్రిబ్యూట్‌కి సపోర్టు లేదని. సపోర్టు ఉంది, లేనిది ఆ యూజర్ సెషన్. లాగిన్ అయ్యాక వాడి సెషన్ నుంచే రాయాలి, మన ఆటోస్టార్ట్ చేసేది అదేగా! ఒక్క లైను చాలు: జియో సెట్, లింకు పేరు, ఆ తర్వాత మెటాడేటా అని రాసి రెండు కోలన్లు, ఎక్స్‌ఎఫ్‌సీఈ హైఫన్ ఈఎక్స్‌ఈ హైఫన్ చెక్‌సమ్, చివర్న షా256సమ్ కమాండ్ ఇచ్చిన దాంట్లో మొదటి ముక్క. మనం అసలు ఫైల్లో ఒక్క అక్షరం మార్చినా చెక్‌సమ్ మారి ఆ పెట్టె మళ్లీ వస్తుంది, కాబట్టి ప్రతి లాగిన్‌కీ రాయించు. నీ రెండో ల్యాబులో ఎక్స్‌ఎఫ్‌సీఈ బదులు గ్నోమ్ ఉందన్నావు, అక్కడైతే మెటాడేటా కోలన్ కోలన్ ట్రస్టెడ్, విలువ ట్రూ.

ఇంకోటి, నీకు తప్పకుండా తగిలేది. డెస్క్‌టాప్ ఫోల్డర్ పేరు స్క్రిప్ట్‌లో ఇంగ్లీషులో రాసేయకు. లాగిన్ భాషని బట్టి ఆ పేరు మారుతుంది. ఎక్స్‌డీజీ యూజర్ డిర్ కమాండ్‌ని అడిగితే అదే చెబుతుంది. ఎవడైనా ఆ ఫోల్డర్ మొత్తం చెరిపేసి ఉంటే అది హోమ్‌నే డెస్క్‌టాప్ అంటుంది, ఐకాన్లన్నీ హోమ్‌లో పడతాయి. జవాబు హోమ్ అయితే అక్కడే ఆగిపోమని రాసుకో. అన్నట్టు నేమ్ పక్కన చదరపు బ్రాకెట్లో టీఈ అని పెడితే తెలుగు పేరు కూడా ఇవ్వొచ్చు. తెలుగులో లాగిన్ అయినవాళ్లకి "లెక్కల పెట్టె" అని కనిపిస్తోంది. ఎంత బాగుందో!

పాత ఐకాన్ తీసెయ్యాలంటే అసలు ఫోల్డర్లో ఫైలు తీసేస్తే చాలు, తెగిన లింకుల్ని స్క్రిప్ట్ ఊడుస్తుంది. ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్‌కి పెద్ద ఎల్ ఆప్షన్, లోపలి ఫోల్డర్లలోకి దిగకుండా మ్యాక్స్‌డెప్త్ 1, లింకు ఎటు చూస్తోందో పరీక్షించే ఎల్‌నేమ్‌కి మన ఫోల్డర్ దారి, దాని వెనక స్లాష్, స్టార్, చివర్న డిలీట్. పెద్ద ఎల్ ఉన్నప్పుడు ఎల్‌నేమ్ తెగిన లింకులకే తగులుతుంది, అదీ మన ఫోల్డర్ వైపు చూసేవాటికే. పిల్లల సొంత లింకుల జోలికి పోదు.

42 మెషీన్లకీ ఫోల్డర్ చేర్చేది ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్, సర్వర్లో తీసేసినవి మెషీన్లోనూ పోయేలా డిలీట్ ఆప్షన్‌తో. సర్వర్ నుంచి తోయకు, ఆ టైములో ఆపేసి ఉన్న మెషీన్‌కి అందదు. ఒక్కో మెషీనే పావుగంటకోసారి టైమర్‌తో లాక్కోవాలి. నెట్‌వర్క్ మీద సర్వర్ ఫోల్డర్‌ని తగిలించే ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ మీదకి లింకులు మాత్రం వెయ్యకురా, సర్వర్ పడుకుంటే డెస్క్‌టాప్‌లన్నీ బిగుసుకుపోతాయి.

విండోస్‌లో ఎడిట్ చేసి పంపిన ఫైలుంటే ముందు డాస్‌టుయునిక్స్ కొట్టు. లైను చివర కనపడని అక్షరం అతుక్కుని ఎగ్జెక్ తెల్లమొహం వేస్తుంది. ఫైల్లో తప్పులు పట్టే డెస్క్‌టాప్ ఫైల్ వాలిడేట్ కమాండ్ కూడా ఓసారి నడుపు. ఐకాన్ల వరస మాత్రం ఎక్స్‌ఎఫ్‌సీఈ యూజర్‌కీ, స్క్రీన్ రిజల్యూషన్‌కీ వేరేవేరేగా హోమ్‌లో దాచుకుంటుంది, డాట్ కాన్ఫిగ్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ4 కింద డెస్క్‌టాప్ అని ఉంటుంది చూడు. దాన్ని కూడా ఒక్కచోటి నుంచి… వాచ్‌మన్ తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, స్క్రిప్ట్ ఈ కవర్లోనే పెడుతున్నా, ఉంటా.