చిన్న హార్బర్‌లో కోత రిపేర్ల మీదేనా?

సంపాదకులకు,

చిన్న పబ్లిక్ హార్బర్‌కి డబ్బుల్లేవు అన్నప్పుడల్లా ముందు కోత పడేది మెయింటెనెన్స్ మీదే, ఇది నాకు అస్సలు మింగుడుపడదు. జెట్టీకి పైన రంగు వేస్తే కొత్తదానిలా కనిపిస్తుంది, కానీ అసలు దెబ్బ కింద తగులుతుంది. ఆటుపోట్లకు తడుస్తూ ఆరుతూ ఉండే చోట ఇనుప స్తంభాలకు తుప్పు త్వరగా పడుతుంది, కాంక్రీటైతే లోపలి ఊచ తుప్పుపట్టి ఉబ్బి పైపొరను పగలగొట్టి బయటికి తోసేస్తుంది. సన్న పగులు కనిపించినప్పుడే పట్టించుకుంటే ఖర్చు తక్కువ. ఇనుముకి బిగించే జింకు దిమ్మలు తామే కరిగిపోతూ దాన్ని కాపాడతాయి, అరిగాక మార్చకపోతే పెట్టీ లాభం లేదు.

ఇక పూడిక. నీటి అడుగున మేట తవ్వి తీసే డ్రెడ్జర్‌ని రప్పించడానికే బోలెడు ఖర్చు కాబట్టి పక్క హార్బర్లతో మాట్లాడుకుని ఒకే విడతలో తీయించుకుంటే ఆ భారం పంచుకోవచ్చు. ఈలోగా చిన్న బోటులో వెళ్లి తాడు, సీసపు గుండుతో లోతు కొలిచి రాసిపెట్టినా ఎక్కడ ఎంత మేట వేసిందో తెలుస్తుంది.

బోట్ల దగ్గర వసూలయ్యే ఫీజు విడి ఖాతాలోనే ఉండాలి. ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది జెట్టీ దగ్గర బోర్డు మీద రాయండి, అప్పుడు ఫీజు కొంచెం పెంచాల్సి వచ్చినా అడగడానికి మొహం ఉంటుంది. నిచ్చెనలు, లైట్ల దగ్గర మాత్రం పొదుపు వద్దు, రాత్రిపూట నీళ్లలో పడ్డ మనిషికి పైకి రావడానికి అదే దారి.

– ఒక బోటు యజమాని