విదేశీ పర్యాటకులు దీవులు దాటేలోపే అడగండి

గౌరవనీయులైన అండమాన్ నికోబార్ దీవుల లెఫ్టినెంట్ గవర్నర్ గారికి,

నమస్కారం. స్వరాజ్ ద్వీప్‌లో (పూర్వపు హావ్‌లాక్ దీవి) ఒక చిన్న అతిథి గృహం నడుపుతున్నాను. మా తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి కూలిపనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో వందకు 13 మంది మాతృభాష తెలుగు. పర్యాటకుల రాకపోకల మీద ఆధారపడి బతికే కుటుంబాలు వారిలో చాలా ఉన్నాయి. వారు కూడా చదవాలని తెలుగులో ప్రచురిస్తున్నాను.

నా విన్నపం ఒకటే. దీవులకు వచ్చే విదేశీ పర్యాటకులను తిరుగు ప్రయాణానికి ముందు పద్ధతి ప్రకారం అడిగించండి: ఎంత ఖర్చు పెట్టారు, దేనికి పెట్టారు, ఏది నచ్చింది, ఎక్కడ ఇబ్బంది పడ్డారు. ఆ ఫలితాలను ఏటా బయటపెట్టండి.

విదేశీయుల వివరాలు ప్రభుత్వం దగ్గర లేవని కాదు. విదేశీ అతిథి దిగిన 24 గంటల్లోపు మేము వారి వివరాల ఫారం నింపి ప్రభుత్వానికి పంపాలి. పాస్‌పోర్టు సంఖ్య, వీసా సంఖ్య, ఎక్కడి నుంచి వచ్చారు, ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్తారు, అన్నీ అందులో ఉంటాయి. భద్రతకు అది అవసరం, శ్రద్ధగానే నింపుతాం. కానీ ఆ మనిషి ఇక్కడ ఎన్ని రూపాయలు ఖర్చు చేశాడో, మళ్లీ రావాలనుకుంటున్నాడో లేదో ఏ ఫారమూ అడగదు. తలలు లెక్కపెట్టడంతోనే మన పని అయిపోతోంది.

పోనీ, దేశమంతటికీ కలిపి విదేశీ ప్రయాణికుల సర్వే చేస్తే సరిపోతుందా? సరిపోదు. మన దగ్గరికి వచ్చే విదేశీయుల్లో ఎక్కువమంది చెన్నై, కోల్‌కతా వంటి నగరాల మీదుగా వచ్చి అటే తిరిగి వెళ్తారు. దేశం విడిచేటప్పుడు చెన్నై విమానాశ్రయంలో వారిని అడిగితే మహాబలిపురం, కేరళ, అండమాన్ ఖర్చులన్నీ కలిపి ఒకే మొత్తం చెబుతారు. అందులో దీవుల వాటా ఎంతో విడదీయడం ఎవరి వల్లా కాదు. ఆ ప్రశ్న వీర్ సావర్కర్ విమానాశ్రయంలోనే, వారు విమానం ఎక్కేలోపే అడగాలి.

హిందూ మహాసముద్రంలోని ద్వీప దేశాలు ఈ పని ఎప్పుడో మొదలుపెట్టాయి. శ్రీలంక పర్యాటక సంస్థ తిరిగి వెళ్లే విదేశీయులను సర్వే చేస్తుంది. మాల్దీవుల పర్యాటక శాఖ సందర్శకుల సర్వే నివేదికలు వెలువరిస్తుంది. మన తెలుగువారి వంశీకులు ఉగాదిని ప్రభుత్వ సెలవుగా జరుపుకునే మారిషస్‌లో గణాంక శాఖే ఈ సర్వే చేస్తుంది. లక్షల్లో వచ్చేవారి విషయంలో వారికి సాధ్యమైనది మనకెందుకు కాదు? కోవిడ్‌కు ముందు 2017, 2018 సంవత్సరాల్లో మన దీవులకు ఏటా సుమారు 15 వేలమంది విదేశీయులు వచ్చారు. సగటున రోజుకు నలభై మంది. నలుగురిలో ఒకరిని అడిగినా రోజుకు పదిమందే.

అదే కాలంలో దేశీయ పర్యాటకులు ఏటా నాలుగున్నర లక్షలకు పైనే వచ్చారు. అందరినీ ఒకే గంపలో వేసి సగటు తీస్తే విదేశీయుల మాట వినిపించకుండా పోతుంది. సర్వేలో అడగడానికి వారిలో కొందరిని విడిగా ఎంచుకోవాలి. డైవింగ్ నేర్చుకోవడానికి వచ్చి వారం పాటు ఒకేచోట ఉండేవారి ఖర్చుకూ, ప్యాకేజీలో నాలుగు రోజుల్లో నాలుగు దీవులు చుట్టేవారి ఖర్చుకూ పోలిక లేదు.

సంతృప్తి గురించి ఒక అనుభవం చెప్పాలి. గత సీజనులో ఒక జర్మన్ జంట మా దగ్గర దిగారు. ఇక్కడి ఏటీఎంలో వారి కార్డు పనిచేయలేదు. డైవింగ్ కోర్సు ఇంకో రెండు రోజులు పొడిగించుకోవాలని వారికి ఎంతో ఆశ. ఒక సాయంత్రం వరండాలో బల్ల మీద నోట్లు పరిచి, పడవ టికెట్లకు కొన్ని, గదికి కొన్ని వేరుచేసి, మిగిలినవి రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. కోర్సు మానుకున్నారు. వెళ్తూ మా అతిథుల పుస్తకంలో ‘అంతా అద్భుతం’ అని రాశారు. అబద్ధమేమీ రాయలేదు. రాధానగర్ తీరం చూసినవారు ఇంకేం రాస్తారు? కానీ ఆ రెండు రోజుల కోర్సు డబ్బు, వారికి డైవింగ్ నేర్పుతున్న కుర్రాడికి రావలసిన కూలి ఏ లెక్కలోకీ రాలేదు.

అందుకే ‘మీ ప్రయాణం ఎలా ఉంది’ అనే ఒక్క ప్రశ్నతో సరిపెట్టవద్దు. పడవ వేళలు, మరుగుదొడ్లు, నగదు దొరకడం, ఇంటర్నెట్, తీరాల శుభ్రత, వైద్యం, ఒక్కొక్కటీ విడివిడిగా అడగాలి. ‘ఖర్చు పెట్టాలనుకుని పెట్టలేకపోయినది ఏమిటి, ఎందుకు’ అనే ప్రశ్న తప్పనిసరిగా ఉండాలి. నా దృష్టిలో మొత్తం సర్వేలో అదే అన్నిటికన్నా విలువైన ప్రశ్న.

ఖర్చు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్యాకేజీకి తమ దేశంలోనే కట్టిన డబ్బు వేరు, ఇక్కడ చేతులు మారిన డబ్బు వేరు. మొదటిదాంట్లో చాలా భాగం సముద్రం దాటి మన దాకా రాదు. కుటుంబం మొత్తం ఖర్చును ఒక్కరి ఖర్చుగా రాసుకోకూడదు. ఎన్ని రాత్రులు, ఏ దీవిలో ఉన్నారన్నది నమోదు కావాలి. అప్పుడే స్వరాజ్ ద్వీప్‌కు ఎంత వచ్చింది, షహీద్ ద్వీప్‌కు ఎంత, ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌కు ఎంత అన్నది తెలుస్తుంది. నవంబరు నుంచి మార్చి వరకే అడిగి ఊరుకోవద్దు. వానాకాలంలో సముద్రం ఉప్పొంగి పడవలు రద్దయినప్పుడు జెట్టీలో సామాన్లతో కూర్చున్నవారి మాట కూడా అందులో ఉండాలి. గోడకు క్యూఆర్ కోడ్ అంటించి సర్వే అనిపించుకోవద్దు. బాగా మురిసినవారు, బాగా మండిపడినవారు తప్ప దాన్ని ఎవరూ తెరవరు. మన డిగ్రీ కళాశాలల విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, భత్యమిచ్చి, భద్రతా తనిఖీ దాటాక విమానం కోసం కూర్చున్నవారి దగ్గరికి పంపండి.

ఒక హద్దు మాత్రం ఉండాలి. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ఆదివాసులైన జరావా ప్రజలను చూడాలన్న కోరికతో వచ్చేవారు ఉన్నారు, ఆ కోరిక తీరలేదని అసంతృప్తి చెప్పేవారూ ఉంటారు. ఆ అసంతృప్తిని తీర్చవలసిన లోపంగా ఏ నివేదికా చూపకూడదు. మనుషులు ప్రదర్శన వస్తువులు కారు.

2023 జులైలో ప్రారంభమైన మన విమానాశ్రయపు కొత్త టెర్మినల్ ఏటా 50 లక్షలమంది ప్రయాణికుల కోసం కట్టినది. ఇంకా ఎక్కువమందిని పిలిచే ప్రచారానికి ఖర్చు చేసేముందు, వచ్చినవారు ఏమంటున్నారో వినడానికి అందులో కొద్ది భాగం కేటాయించండి. వచ్చే నవంబరులో సీజను మొదలయ్యేనాటికి ప్రశ్నావళి సిద్ధం చేయించండి. దాని ముసాయిదాను జెట్టీ కూలీలకు, డైవింగ్ శిక్షకులకు, మాలాంటి చిన్న అతిథి గృహాలవారికి ముందుగా చూపించమని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఇట్లు,
స్వరాజ్ ద్వీప్ నుంచి ఒక అతిథి గృహ నిర్వాహకుడు