రికార్డులో గీసిన జెల్

సంపాదకులకు,

డిగ్రీ విద్యార్థుల బయోటెక్నాలజీ ప్రాక్టికల్ రికార్డులు చాలా ఏళ్లుగా దిద్దుతున్నాను. వాటిలో జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ (జెల్ పలకలో విద్యుత్తు పంపి డీఎన్‌ఏ ముక్కలను పరిమాణం ప్రకారం వేరుచేసే పద్ధతి) బొమ్మ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: స్కేలుతో గీసిన దీర్ఘచతురస్రం, పైన వరుసగా గుంటలు, కింద పెన్సిల్‌తో దిద్దిన మూడు నాలుగు అడ్డగీతలు. ఆ గీతలు అక్కడే ఎందుకున్నాయని అడిగితే, సీనియర్ల రికార్డులో అలాగే ఉందని ఒక అమ్మాయి దాచకుండా చెప్పింది. డిగ్రీ పూర్తయ్యేలోగా ప్రతి విద్యార్థీ ఒక్క జెల్‌నైనా తన చేత్తో నడిపి చూడాలనీ, అందుకు రుచి జన్యువు ప్రయోగం (ఎవరికి చేదు తెలుస్తుందో జన్యువులో చూసే ప్రయోగం) ఎంతో అనువైనదనీ మీ పత్రిక ద్వారా ఉన్నత విద్యాధికారులకు విన్నవించదలచాను.

1931లో అమెరికాలోని డ్యుపాంట్ సంస్థ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త చేతిలోని పీటీసీ అనే రసాయనపు పొడి కొంత గాలిలోకి లేచినప్పుడు, పక్కనున్న సహోద్యోగికి నోరు చేదెక్కింది గానీ ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఈ తేడాకు ప్రధాన కారణం ఏడో క్రోమోజోముపై ఉన్న టీఏఎస్2ఆర్38 జన్యువని 2003లో తేలింది. ఆ జన్యువులో సాధారణంగా మూడు చోట్ల తేడాలు కనిపిస్తాయి. మన ప్రయోగానికి పనికొచ్చేది 145వ స్థానం. డీఎన్‌ఏ వరుసను రాసే ఎ, టి, జి, సి అక్షరాల్లో, చేదు తెలిసే రూపంలో అక్కడ సి ఉంటుంది, తెలియని రూపంలో జి ఉంటుంది.

ఉప్పునీటితో పుక్కిలించి సేకరించిన బుగ్గ కణాల నుంచి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్‌తో (ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కకు ఎన్నో నకళ్లు తీసే పద్ధతితో) 221 క్షార జతల, అంటే 221 అక్షరాల పొడవున్న, ముక్కను పెంచుతారు. తర్వాత హే-త్రీ అనే రెస్ట్రిక్షన్ ఎంజైముతో 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అది జీజీసీసీ అన్న వరుస కనిపించిన చోటే డీఎన్‌ఏను కోస్తుంది. నిజానికి ఆ వరుస సహజ జన్యువులో ఆ చోట లేదు. 143వ స్థానంలోని ఎ బదులు జి వచ్చేలా ప్రైమరును (పీసీఆర్‌లో నకలు మొదలయ్యే చిన్న డీఎన్‌ఏ ముక్కను) తయారుచేయడం వల్లనే, చేదు తెలిసే రూపంలో మాత్రం ఆ వరుస ఏర్పడుతుంది. ఈ ఉపాయం అర్థమైన రోజున పిల్లల కళ్లలో కనబడే వెలుగు, రికార్డు కాపీ చేసేటప్పుడు నేనెన్నడూ చూడలేదు.

రుణావేశమున్న డీఎన్‌ఏ రెండు శాతం అగరోజ్ జెల్‌లో ధన ధ్రువం వైపు కదులుతుంది, చిన్న ముక్కలు ముందుకు పోతాయి. కోత పడని 221 ఒక్కటే కనిపిస్తే చేదు తెలియని రూపానికి సమయుగ్మజం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే రూపం వచ్చింది. 177, 44 ముక్కలు వస్తే తెలిసే రూపానికి సమయుగ్మజం. మూడూ ఉంటే విషమయుగ్మజం, అంటే రెండు రూపాలూ ఒక్కొక్కటి ఉన్నాయి. అయితే 44 ముక్క తరచూ మసకగా, ప్రైమరు శేషాలతో కలిసిపోయి ఉంటుంది కాబట్టి 177 గీతనే నమ్ముకోవాలి. ఇది పెన్సిల్ బొమ్మ చెప్పదు.

మా తరగతిలో ఒకసారి అందరికీ 221 గీతే వచ్చింది. పీటీసీ కాగితం నాలుక మీద పెట్టుకోగానే మొహం చిట్లించి కుళాయి దగ్గరకు పరుగెత్తిన కుర్రాడికి కూడా! విచారిస్తే ముందురాత్రి కరెంటు పోయి, ఫ్రీజర్‌లోని ఎంజైము చెడిందని తెలిసింది. చేదు తెలిసే రూపమని ముందే తేలిన నమూనా ఒకటి పక్కనే నడిపి ఉంటే తప్పు అప్పుడే బయటపడేది. సగమే పనిచేసిన ఎంజైము కూడా సమయుగ్మజాన్ని విషమయుగ్మజంగా చూపించి మోసం చేయగలదు.

ఈ ఫలితాన్ని చూసి కాకరకాయ తినకపోవడానికి జన్యువే కారణమని పిల్లలు వాదించబోతే వారించాలి. మనిషిలో చేదు గ్రాహకాలు పాతిక దాకా ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి మాత్రమే. జెల్‌కూ నాలుకకూ అన్నిసార్లూ పొంతన కుదరదు గనుక, తల్లిదండ్రుల రుచితో పోల్చి పిల్లల పుట్టుకపై వ్యాఖ్యలు చేయడం అసలే తగదు. నమూనాలకు పేర్లకు బదులు అంకెలు వేయాలి.

ప్రతి కళాశాలకూ పీసీఆర్ యంత్రం కొనమనడం నా ఉద్దేశం కాదు. జిల్లాకొక యంత్రం, ఎంజైముల ఫ్రీజరుకు ఇన్వర్టరు, వంతులవారీ షెడ్యూలు ఉంటే సరిపోతుంది. పరీక్షలో బొమ్మ గీయమనే ప్రశ్న తీసేసి, విద్యార్థులు నడిపిన జెల్ ఫోటోనే ఇచ్చి, ఏ గుంటలో ఎంజైము పనిచేయలేదో కనిపెట్టమని అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు