జర్మనీ కోర్సు ఎన్ని నెలలో మన కాలేజీ కాగితమే చెబుతుంది

సంపాదకుల వారికి,

"జర్మనీలో ఆరు నెలల నర్సింగ్ కోర్సు, చేరగానే ఉద్యోగం" అనే ప్రకటనలు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. అలాంటి కోర్సు ఉన్న మాట నిజమే గానీ, అది నర్సింగ్ మొదటి నుంచి నేర్పేది కాదు. ఇక్కడ జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ పూర్తి చేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాళ్లు తమ చదువుకూ జర్మన్ చదువుకూ మధ్య తేడాను పూడ్చుకోవడానికి పెట్టినది. ఇంటర్‌తో వెళ్లేవాళ్లకున్న దారి మూడేళ్ల శిక్షణ, అంటే ఆస్‌బిల్డుంగ్. 2020 జనవరి నుంచి అమల్లో ఉన్న జర్మన్ నర్సింగ్ చట్టం ప్రకారం దానికి స్కూలు ఫీజు లేదు, పైగా నెలనెలా జీతం ఇవ్వాలి. "సీటుకు ఇన్ని లక్షలు" అని ఎవరైనా అడిగితే ఆ డబ్బు స్కూలుకు వెళ్లేది కాదని తల్లిదండ్రులు గ్రహించాలి.

మేం ముఖ్యంగా చెప్పదలచుకున్నది రిజిస్టర్డ్ నర్సుల గురించి. వాళ్ల సర్టిఫికెట్లను జర్మనీలో ఉద్యోగం దొరికిన రాష్ట్రపు అధికారులు పరిశీలిస్తారు. అక్కడి మూడేళ్ల శిక్షణలో 2,100 గంటల థియరీ, 2,500 గంటల ప్రాక్టికల్స్ ఉంటాయి. మన ట్రాన్‌స్క్రిప్ట్‌ను, అంటే ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివామో చూపే పత్రాన్ని, దానితో పోల్చి ఏ విషయంలో ఏం తక్కువైందో చూసి ఒక నోటీసు పంపుతారు. దాన్ని డెఫిత్సిట్‌బెషైడ్ అంటారు, లోటు పత్రం అనుకోవచ్చు. కోర్సు ఆరు నెలలా, ఏడాదా, ఇంకా ఎక్కువా అన్నది ఈ పత్రాన్ని బట్టే తేలుతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే. మన కాలేజీలు చాలావరకు ఇచ్చేది మార్కుల జాబితా. "కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్, 75కు 58" అని ఉంటుంది. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి ఎన్ని గంటలు పనిచేశారో, మానసిక వైద్యశాలలో ఎన్ని వారాలు పోస్టింగ్ (వార్డు శిక్షణ) చేశారో, వృద్ధుల సేవ ఏ పేపర్‌లో భాగంగా చదివారో ఒక్క ముక్క ఉండదు. అందులో రాయనిదాన్ని మనం చదవనట్టే అధికారి లెక్కేస్తాడు, అతని దగ్గరున్నది ఆ కాగితం ఒక్కటే మరి. చేసిన పోస్టింగ్‌నే మళ్లీ చేయాల్సి వస్తుంది, అదీ నర్సు జీతానికి కాదు, హెల్పర్ (నర్సు సహాయకుల) జీతానికి. అనుభవ పత్రాలదీ ఇదే తీరు. లోటును ఉద్యోగానుభవంతో పూడ్చుకోవచ్చని జర్మన్ చట్టమే అంటోంది. కానీ "మా దగ్గర స్టాఫ్ నర్సుగా పనిచేశారు" అన్న రెండు వాక్యాల లెటర్ అందుకు చాలదు. ఏ వార్డు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు, ఏయే పనులు అన్నవన్నీ ఉండాలి.

పేర్ల విషయంలో మన తెలుగువాళ్లకు ఇంకో తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో పెళ్లయ్యాక మారిన పేరు. ముగ్గురూ ఒక్కరేనని ముందే తేల్చుకోకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. అధీకృత అనువాదకుల చేత జర్మన్‌లోకి మార్పించేముందే ఈ పని అయిపోవాలి. లేదంటే అనువాదానికి రెండుసార్లు డబ్బు కట్టాలి.

లోటు పత్రం వచ్చాక రెండు దారులు. ఒకటి సర్దుబాటు కోర్సు, దీన్ని అన్‌పాసుంగ్స్‌లేర్‌గాంగ్ అంటారు. దాని చివర నేర్చుకున్నదాని మీద ఒక సంభాషణ ఉంటుంది. రెండోది కెంట్‌నిస్‌ప్రూఫుంగ్ అనే పరీక్ష. అందులో మౌఖికం 45 నుంచి 60 నిమిషాలు, ప్రాక్టికల్‌లో రోగుల దగ్గర రెండు నుంచి నాలుగు సందర్భాలు. తప్పితే మళ్లీ రాసే అవకాశం ఒక్కసారే. భాష ఇంకా తడబడుతున్నవాళ్లకు కోర్సే మేలని మా అభిప్రాయం. అది రోజూ వార్డులో ఉంటూ నేర్చుకునేది, ఒక్క రోజు తడబాటుతో పోయేది కాదు.

మనవాళ్లు అక్కడ తడబడేది సూదిమందు దగ్గర కాదు. మన ఆసుపత్రుల్లో రోగికి ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం ఆయా గానీ, రోగి తాలూకు మనిషి గానీ చూసుకుంటారు. అక్కడ అది నర్సు పనే, పరీక్షలో చూసేదీ అదే. ఒళ్లు తుడిచేటప్పుడే మడమలూ నడుము కింది భాగమూ చూడాలి. ఎర్రబడ్డచోట వేలితో నొక్కినా తెల్లబడకపోతే బెడ్‌సోర్ మొదలైనట్టే. అది గమనించి, రాసి, షిఫ్టు మారేటప్పుడు నోటితో చెప్పాలి. దీన్ని చిన్న పనిగా చూసినవాళ్లు అక్కడ నెగ్గుకురాలేరు.

జర్మనీ మందుల చార్టులో అంకెలు మరీ ప్రమాదం. 2,5 మి.గ్రా. అని కామాతో రాస్తే రెండున్నర, 1.000 అని చుక్కతో రాస్తే వెయ్యి. పైగా ఇరవై అయిదును జర్మన్‌లో "అయిదూ ఇరవై" అని పలుకుతారు. ఫోన్‌లో విన్నది 52 అని రాసుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. విన్న అంకెను ఒక్కొక్కటిగా తిరిగి చెప్పి నిర్ధారించుకునే అలవాటు ఇక్కడి క్లాసులోనే పడాలి.

అక్కడ నర్సుగా పనిచేసే వృత్తి అనుమతికి సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ కావాలి, అంటే ఏ1 నుంచి సీ2 వరకున్న ఆరు మెట్లలో నాలుగోది. మొదటి నుంచి అక్కడికి చేరడానికి 45 నిమిషాల క్లాసులు 600 నుంచి 800 దాకా పడతాయి. జర్మన్ భాషా సంస్థ గొయెథె ఇన్‌స్టిట్యూట్ పెట్టే బీ2 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అనే నాలుగు భాగాలు, ఒక్కోదానిలో నూటికి అరవై రావాలి. మూడు నెలల్లో బీ2 అనేవాళ్ల మాట నమ్మకండి. విదేశీ ఉద్యోగాలకు పంపే రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీస్ ఛార్జీగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరును కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. విదేశీ ఉద్యోగాలకు పంపే టామ్‌కామ్ (తెలంగాణ), ఓమ్‌క్యాప్ (ఆంధ్రప్రదేశ్) లాంటి ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి, ముందు అక్కడ అడగడం మంచిది.

వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయానికీ, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికీ, రెండు రాష్ట్రాల నర్సింగ్ కౌన్సిళ్లకూ మా విన్నపం ఒక్కటే. ప్రతి విద్యార్థికీ సబ్జెక్టు వారీగా థియరీ గంటలు, వార్డు వారీగా పోస్టింగ్ గంటలు చూపే ట్రాన్‌స్క్రిప్ట్‌ను ఒకే నమూనాలో, కోర్సు ముగిసిన రోజే ఇవ్వండి. ఆ వివరాలన్నీ కాలేజీ పోస్టింగ్ రిజిస్టర్లలో ఇప్పటికే ఉన్నాయి.

నర్సింగ్ అధ్యాపకులు, జర్మన్ శిక్షకులు కొందరు,
హైదరాబాద్